గాలవ్వ మీద నా ఖండన

నమోదు 112. పొద్దటి షిఫ్టు

ఈ నమోదులు రాయాలని శాఖ ఆదేశం. పుకార్ల ఖండన విభాగంలో ప్రతి ఉద్యోగీ తాను రాసిన ఖండన వెనక ఏం జరిగిందో రాసి పెట్టాలట. రేపటి తరం చదివి నేర్చుకుంటుందట. రేపటి తరానికి నా నమస్కారం. నా పేరు ఓదెలు. జనవిశ్వాస శాస్త్రంలో ఎమ్మే, రెండో శ్రేణి. మొదటి శ్రేణి రాకపోవడానికి పరీక్షాధికారికి హాస్యం తెలియకపోవడమే కారణమని నా వినమ్రమైన అభిప్రాయం.

సైరన్ మోగగానే లేచి, కప్పు నుంచి కారే నీళ్ళకింద పెట్టిన బకెట్ తీసి, తలుపు పైనున్న గాలిచక్రానికి పట్టిన మసిని తడిగుడ్డతో తుడిచాను. మా ఆరో గ్యాలరీ సొరంగంలో పళ్ళు తోముకోని మహానుభావులు ఉన్నారు గానీ చక్రం తుడవనివాళ్ళు లేరు. పైన నేల మీద ఎండకు నిలవలేక మా ముత్తాతలు ఈ పాత బొగ్గుబాయిలోకి దిగిన నాటి నుంచీ మాకు గాలి గొట్టంలోనే వస్తుంది, తలకింత అని వాటా చొప్పున. గొట్టం మూతి దగ్గర అరచేయంత రేకు చక్రం. అది ఎంత జోరుగా తిరిగితే ఇంట్లోకి అంత గాలి వస్తున్నట్టు. ఇక్కడ ఎదురుపడితే ఎవరూ బాగున్నావా అని అడగరు, "చక్రం మంచిగ తిరుగుతుందా" అంటారు.

ఆఫీసుకు వెళ్ళేసరికి గోడ మీద మంట అంటుకుని ఉంది. గోడ అంటే గ్యాలరీ మధ్యలో ఉండే మాట్లాడే గోడ. ఎవరైనా దాని ముందు నిలబడి మాట్లాడితే ఆ గొంతు బాయి మొత్తానికీ పోతుంది. కింద జనం నవ్వు బొమ్మలో, ఏడుపు బొమ్మలో అతికిస్తారు. ఇవాళ మాట్లాడింది మా ఎదురింటి ఐలవ్వ.

"ఇనుండ్రి. విడి వార్డుకు ఒకలు పోతే ఇంటి గాలి కోస్తున్నరు. మా చెల్లె బిడ్డ వార్డుకు వోయింది. తెల్లారి చూస్తె చక్రం సగమే తిరుగుతుంది. కోసిన గాలి ఎటు వోతుంది? మొదటి గ్యాలరీ దొరలకు వోతుంది. నా కండ్లతోని చూసిన."

గొంతుజ్వరం బాయిలోకి వచ్చి మూడు వారాలు. ముందు గొంతు బొంగురుపోతుంది, తర్వాత మాట పోతుంది, ఆ తర్వాత ఊపిరి. గొంతు మారగానే విడి వార్డుకు వచ్చినవాళ్ళు దాదాపు అందరూ లేచి ఇంటికి పోతున్నారు. ఆలస్యంగా వచ్చినవాళ్ళు పోవడం లేదు. కాబట్టి వార్డుకు పోవద్దనిపించే మాట ఏదైనా మనిషిని చంపే మాటే.

ఐలవ్వకూ నాకూ గోడ మీద పాత వైరం. చెవిలో ఉల్లిగడ్డ పెట్టుకుంటే జ్వరం దిగుతుందని ఆమె అంది, నేను ఖండించాను. ముద్దు పెట్టుకుంటే జ్వరం అంటుకుంటుందని అంది, అది నిజమే కాబట్టి ఖండించలేదు, ఎవరు ఎవరికి పెట్టారని మాత్రం అడిగాను. ఆ రోజు సాయంత్రం ఆమె నా తలుపు కొట్టి సర్వపిండి రొట్టె ఇచ్చి, "తిని సావు" అని దీవించి పోయింది.

మా విభాగం పద్ధతి ఏమిటంటే, ఖండన ఆ షిఫ్టు దాటకుండా గోడ ఎక్కాలి. విచారణకు మాత్రం మూడు షిఫ్టులు పట్టినా ఫర్వాలేదు. ముందు కాదనాలి, తర్వాత కనుక్కోవాలి. ఐలవ్వ పేరును గాలవ్వగా మార్చి నేను రాశాను:

"గాలవ్వ గారి గాలివార్త: వార్డుకు పోతే ఇంటి గాలి కోస్తారు. శాఖ మాట: ఎవరింటి గాలీ పిసరంత కూడా తగ్గదు. గాలి కోయడానికి కత్తెర కావాలి. ఆ కత్తెర ఇంకా టెండర్ దశలోనే ఉంది."

పక్కన ఒక బొమ్మ: చేపల వలతో గాలిని పట్టుకోవడానికి పరుగెత్తే ముసలమ్మ. ముక్కు మాత్రం అచ్చం ఐలవ్వదే.

మా విభాగాధిపతి డాక్టర్ ప్రమీల మేడం చదివి పెదవి చివర నవ్వింది. ఆమె నవ్వడం శాఖ చరిత్రలో నమోదు చేయదగ్గ విషయం కాబట్టి చేస్తున్నాను.

"చక్రం ఎందుకు తగ్గిందో గాలి శాఖను అడిగినవా?"

"అడిగిన మేడం. జవాబు రావడానికి మూడు షిఫ్టులంట."

"అప్పటిదాక ఆగలేం కదా. పంపు."

పంపాను.

నమోదు 113. పొద్దటి షిఫ్టు

మహా విజయం. బాయి చరిత్రలో ఏ ఖండనకూ ఇన్ని నవ్వు బొమ్మలు పడలేదు. మూడో గ్యాలరీ వాళ్ళు దానికి బాణీ కట్టి పాడుకుంటున్నారు. వార్డులో చేరేవాళ్ళు పెరిగారని డైరెక్టర్ గారు నాకు ప్రశంస పంపారు. నేను దాన్ని నాలుగుసార్లే చదివాను. నిగ్రహం గలవాణ్ణి.

నీళ్ళ నల్లా దగ్గర ఐలవ్వ కనిపించింది. వెనక పిల్లలు "గాలవ్వా, గాలవ్వా" అని చేతులతో గాలిని పట్టి ఒకరి మొహాన ఒకరు విసురుకుంటున్నారు. ఆమె బిందె వాళ్ళ మీదికి ఎత్తింది. వాళ్ళు పారిపోయారు.

"నవ్విచ్చినవ్ కొడుకా," అంది నా వైపు చూడకుండా. "నేను గూడ నవ్విన. ముక్కు మంచిగ గీసినవ్."

"దొరలకు గాలి వోతుందంటే మరి ఏం జెయ్యాలె అవ్వా. నీ మాటిని ఒక్కలు ఇంట్ల ఆగిపోయినా పాణం పోతది."

"దొరల ముచ్చట నా ఊహ. కాదనుకో. చక్రం ముచ్చట నా ఊహ గాదు. అది ఎందుకు తగ్గిందో నువ్వు చెప్పలే."

"కనుక్కుంటున్న."

"కనుక్కోకముందే కాదన్నవా?" అని బిందె చంకనెత్తుకుంది. "పెద్ద సదువు."

నమోదు 115. రెండో షిఫ్టు

గాలి శాఖ నుంచి జవాబు వచ్చింది. రాతలో కాదు, సదయ్య రూపంలో. సదయ్య మా గ్యాలరీ గొట్టాల మేస్త్రీ. గట్టు మీద కూర్చుని బీడీ లాంటిది నములుతూ (వెలిగించడం నేరం, నమలడం కాదు) తాపీగా చెప్పాడు.

"మనిషి వార్డుకు వోతే మనిషి వాటా గూడ వార్డుకు వోతది. గది న్యాయమే గదా. ఆడ గూడ ఊపిరి తీయాలె."

"అయితే ఇంటి చక్రం కొంచెం తగ్గుతది."

"కొంచెం గాదు. కవాటానికి మూడే గాట్లుంటయి. నిండు, సగం, పావు. ముగ్గురున్న ఇంట్ల ఒకలు వోతే ఇద్దరి వాటా ఉండాలె. గా గాటు లేదు. నిండు పెడితే ఎక్కువైతది, సగం పెడితే తక్కువైతది. అనుమానం వస్తే తక్కువే పెట్టాలని రూలు."

అంటే నేను కాదన్నదే నిజం. జనవిశ్వాస శాస్త్రంలో ఇలాంటి స్థితికి ఒక పెద్ద పేరుంది, పరీక్షలో రాశాను కూడా. ఇప్పుడు గుర్తు రావడం లేదు.

మేడం దగ్గరికి పరుగెత్తాను. ఆమె విని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"పిసరంత కూడ తగ్గదని రాసినం."

"రాసిన మేడం. నేనే."

"ఇప్పుడు తగ్గుతదని రాస్తే ఏమైతది? ఖండనను మనమే ఖండిస్తే, మూడోసారి మనం ఏం చెప్పినా ఎవరు నమ్ముతరు? రోజుకు ఇరవై మంది వార్డుకు వస్తున్నరు. ఆ రాక ఆగిపోతే?"

ఆమె చెడ్డ మనిషి కాదు. రెండు వారాలుగా ఆఫీసులోనే పడుకుంటోంది. ఆమె లెక్కలో తప్పు నాకు కనబడలేదు, లేదా వెతకలేదు. డైరెక్టర్ గారు కూడా అదే అన్నారు: జ్వరం తగ్గాక నిదానంగా చెబుదాం.

నేను తల ఊపాను. ప్రశంసాపత్రం వచ్చినవాడు అంత త్వరగా తల అడ్డంగా ఊపలేడు.

నమోదు 118. పొద్దటి షిఫ్టు

గోడ బోసిపోయింది. ఐలవ్వ మాట్లాడి మూడు రోజులు. ఆమె లేకపోతే ఎవరి కోడలు ఎవరితో మాట్లాడటం లేదో, ఏ నల్లాలో నీళ్ళు తుప్పు వాసన వస్తున్నాయో గ్యాలరీకి తెలియదు. అలిగిందని అందరూ నిర్ణయించేశారు. "ఓదెలు దెబ్బకు అవ్వ నోరు వడ్డది" అని క్యాంటీన్‌లో ఒకాయన నా భుజం తట్టాడు. సిగ్గుగా నవ్వాను. సిగ్గు సగం, నవ్వు సగం. నిజం చెప్పాలంటే నవ్వే ఎక్కువ.

షిఫ్టు దిగగానే సంధి చేసుకుందామని పుట్టగొడుగుల పకోడీలు కొనుక్కుని వాళ్ళ తలుపు కొట్టాను. కొంచెమే తెరుచుకుంది. ఐలవ్వ ఒక కన్ను కనిపించింది. నా చేతిలోని పొట్లం చూసింది, నన్ను చూసింది, తలుపు వేసేసింది. తిట్టలేదు.

నా జీవితంలో ఐలవ్వ నన్ను తిట్టకుండా తలుపు వేయడం అదే మొదలు. అంత కోపమా అనుకుంటూ పకోడీలు నేనే తిన్నాను.

నమోదు 119. రెండో షిఫ్టు

ఐలవ్వ కూతురు సుగుణ పుట్టగొడుగుల మడుల దగ్గర పనిచేస్తుంది. మడుల దారిలో నన్ను ఆపింది.

"అన్నా, నువ్వు ఆఫీసోనివి. ఒక మాట అడుగుత, ఎవ్వలకు చెప్పద్దు."

"నా నోటి గురించి బాయంతటికి తెలుసు, అయినా అడుగుతున్నవంటే పెద్ద ముచ్చటే."

ఆమె నవ్వలేదు. "అవ్వకు మాట పోయింది."

అలక కాదు. గోడ ముందు మాట్లాడితే బొంగురు గొంతు బాయంతా వింటుంది, వార్డు వాళ్ళు వస్తారు. నన్ను తిడితే నేను వింటాను. అందుకే ఆ రోజు తిట్టలేదు. నేను తలుపు బయట నిలబడి ఆమె కోపాన్ని కొలుస్తుంటే ఆమె లోపల గొంతును దాచుకుంటోంది.

"వార్డుకు ఎందుకు పోదు?" అని అడిగాను. అడగవలసిన అవసరం లేదు.

"నాయిన సంగతి తెల్వదా అన్నా?"

తెలుసు. ఆమె తండ్రి రాయలింగు తాత ఊపిరితిత్తులు పడుచుతనంలోనే బొగ్గుదుమ్ముతో నిండిపోయాయి. ఆయన పగలంతా గొట్టం మూతి కింద కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. ముగ్గురున్న ఇల్లు. ఒకరు వార్డుకు పోతే చక్రం సగానికి పడుతుంది. సగం గాలిలో ఆయన బతకడు.

వాళ్ళింటికి వెళ్ళాను. ఈసారి తలుపు పూర్తిగా తెరిచారు. ఐలవ్వ గోడకు ఆనుకుని కూర్చుంది. మొహం పీక్కుపోయింది. గుసగుసగా మాట్లాడింది, వినడానికి నేను వంగాల్సి వచ్చింది.

"అచ్చినవా. పకోడీలు తెచ్చినవా?"

"లేదవ్వా. వార్డుకు పోదాం పా."

"పోత. చక్రం తగ్గదని నా కండ్ల ముందట జెప్పు. గోడ మీద జెప్పినట్టు జెప్పు."

నేను తల ఎత్తి చక్రం వైపు చూశాను. రాయలింగు తాత కుర్చీలోంచి నన్నే చూస్తున్నాడు. ఒక్కో ఊపిరికీ ఆయన భుజాలు లేస్తున్నాయి.

"దాన్ని తీస్కపో బిడ్డా," అన్నాడు ఆయన. "నా గాలికేంది."

"నువ్వు నోర్ముయ్యి," అంది ఐలవ్వ. గుసగుసలో కూడా ఆ మాటకు పదును పోలేదు.

బయటికి వచ్చి సదయ్యను వెతికి పట్టుకున్నాను. విషయం విని అతను సంచీలోంచి బొటనవేలంత చెక్క ముక్క తీశాడు.

"కవాటంల గిది ఇరికిస్తే నిండుకు సగానికి నడుమ ఆగుతది. ఇద్దరికి సరిపోను వస్తది."

"ఇంతేనా?"

"ఇంతే."

"మరి అందరి ఇండ్లకు ఎందుకు పెట్టలే?"

"అడిగితే మా సారు పర్మిషన్ ఇస్తుండె. ఎవ్వలు అడుగలే." బీడీ ముక్కను ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు తోశాడు. "నా చక్రం తగ్గిందని ఎవడన్న అడుగుతడా ఇప్పుడు? అడిగితే వాణ్ణి గూడ గాలవ్వ అంటరు."

నమోదు 120. పొద్దటి షిఫ్టు

ఐలవ్వ కళ్ళ ముందే సదయ్య నిచ్చెనెక్కి చెక్క ముక్క ఇరికించాడు. ఐలవ్వ వార్డుకు పోయాక ఇద్దరికి గాలి ఎలా ఉంటుందో ఆమెకు చూపించడానికి సుగుణ కాసేపు బయట నిలబడింది, సదయ్య కవాటం తిప్పాడు. చక్రం తగ్గింది, కానీ సగానికి పడలేదు. రాయలింగు తాత భుజాలు అలాగే లేచాయి, అంతకంటే ఎక్కువ లేవలేదు. ఐలవ్వ చాలాసేపు చక్రాన్నే చూసింది. తర్వాత తనే లేచి చీర సర్దుకుంది.

వార్డు గుమ్మం దగ్గర నా చొక్కా పట్టుకుని కిందికి లాగింది.

"మన గ్యాలరీల ఇంక ఉన్నరు," అంది. "గొంతు దాసుకున్నోళ్ళు. చీకటి మూలకు మొదటి ఇంట్ల, మలుపు కాడ... నాకు పేర్లెందుకు. అందరికి జెప్పు. తగ్గుతదని జెప్పు, చెక్క ఉన్నదని జెప్పు."

వార్డు డాక్టర్ ఆమె గొంతు చూశాడు. ఎన్ని రోజులైందని అడిగాడు. సుగుణ చెప్పింది. అతను తల తిప్పుకున్నాడు.

మేడంకు అంతా చెప్పాను. గొంతు దాచుకున్న ఇళ్ళు ఉన్నాయన్నాను. ఆమె ఈసారి కళ్ళజోడు తీయలేదు.

"తప్పు నాది కూడ. నేనే పంపమన్న," అంది. "రాయి. డైరెక్టర్ సంగతి నేను చూసుకుంట. గాలి శాఖతోని చెక్కలకు ఇప్పుడే పర్మిషన్ తీసుకుంట."

నమోదు 121. పొద్దటి షిఫ్టు

రాసింది ఇది:

"మొన్న మేం చెప్పింది తప్పు. ఇంట్లో ఒకరు వార్డుకు పోతే ఇంటి గాలి తగ్గుతుంది, కొన్ని ఇళ్ళలో ఉండాల్సినదాని కంటే ఎక్కువ తగ్గుతుంది. ఐలవ్వ చెప్పిన మాటలో అది నిజం. దొరలకు పోతుందన్నది నిజం కాదు. గాలి శాఖను అడిగితే కవాటంలో చెక్క పెట్టి సరిచేస్తారు. గొంతు మారినవాళ్ళు ఆగకండి, రండి. తప్పు రాసినవాణ్ణి నేను, ఓదెలు."

ఒక్క హాస్యపు మాట లేదు. నా ఉద్యోగ జీవితంలో ఇదే మొదటిది. గోడ ఎక్కింది. దాని ముందు నిలబడి చూశాను.

మొదటి నవ్వు బొమ్మ పడింది. తర్వాత ఇంకొకటి. తర్వాత వరదలా పడ్డాయి.

"కవాటంల చెక్క, ఓదెలు మామూలోడు గాదు," అని ఒక గొంతు. "గాలవ్వకు ఉద్యోగం ఇచ్చిండ్రా ఏంది శాఖల," అని ఇంకొకటి. మూడో గ్యాలరీ వాళ్ళు పాత పాటకు కొత్త చరణం కట్టారు, అందులో చెక్క ఉంది. నేను గోడ ముందు నిలబడి, ఇది నిజం, నవ్వకండి అన్నాను. ఆ గొంతు బాయంతా పోయింది. దానికి ఇంకా ఎక్కువ నవ్వు బొమ్మలు పడ్డాయి. ఎంత సీరియస్‌గా నటిస్తుండో అని ఒక ఆవిడ మెచ్చుకుంది.

మేడం తన పేరుతో మళ్ళీ పెట్టింది. దాని కింద ఎవరో అడిగారు: "మేడం గూడ ఓదెలు తోని రాపిచ్చుకుంటుందా?"

షిఫ్టు ముగిసేసరికి గాలి శాఖకు చెక్క అడుగుతూ ఒక్కరూ రాలేదని సదయ్య చెప్పాడు.

నమోదు 123. రెండో షిఫ్టు

ఐలవ్వ పోయింది.

నిన్న వార్డు అద్దం ఇవతల నుంచి ఆమెను చూశాను. మాట్లాడలేదు, మాట లేదు. నన్ను చూసి చేత్తో అడిగింది, గొంతు దాచుకున్నవాళ్ళు వస్తున్నారా అని. అబద్ధం చెప్పే అవకాశం నాకు దొరికింది. లేదని తల అడ్డంగా ఊపాను. ఆమె కళ్ళు మూసుకుంది. నా మీద కోపంతోనో, అలసటతోనో తెలియదు. ఇంకోసారి తెరవలేదు.

సుగుణ మడుల నుంచి వచ్చి ఏడవకుండా వాళ్ళ నాన్న పక్కన కూర్చుంది. ఆయన నన్ను పిలిచి చేయి పట్టుకున్నాడు. తిడతాడనుకున్నాను. "అది నీ బొమ్మ చూసి రెండుసార్లు నవ్వింది బిడ్డా," అన్నాడు. "ముక్కు అచ్చం నాదే అన్నది." తిట్టినా బాగుండేది.

గోడ మీద ఆమె మరణవార్త పెట్టమని మేడం నాకే చెప్పింది. రాయడానికి కూర్చున్నాను. రాయలేదు. నా పేరుతో గోడ ఎక్కే ఏ మాటకైనా ఏ బొమ్మలు పడతాయో నాకు తెలుసు. ఐలవ్వ మరణం కింద నవ్వు బొమ్మ పడటం నేను చూడలేను. సుగుణ చూస్తే ఇంకా చూడలేను.

సదయ్యను అడిగి ఒక సంచీ చెక్క ముక్కలు తీసుకున్నాను. చీకటి మూల నుంచి మొదలుపెట్టాను. మొదటి తలుపు ఐలవ్వ చెప్పిన ఇంటిదే. ఇంటాయన తీశాడు. నన్ను చూడగానే ఆయన పెదవులు సాగాయి, కళ్ళు చిన్నవయ్యాయి. నేనింకా నోరు తెరవలేదు. లోపల ఎవరో దగ్గి, ఆ దగ్గును గుడ్డలో నొక్కుకున్న చప్పుడు వినబడింది.

"ఏందిరా ఓదెలూ, ఏం తెచ్చినవ్ ఇయ్యాల?" అన్నాడు, నవ్వడానికి సిద్ధమై.

ఆయన మొహం మీది నవ్వు దానంతటదే దిగిపోయేదాకా గుమ్మంలో నిలబడ్డాను. చాలాసేపు పట్టింది.

"ఐలవ్వ పోయింది మామా," అన్నాను అప్పుడు. "లోపటికి రానియ్యి."